తొలి పాటల యొద్దకు మరలిన గాయకుడు

రాక్ అండ్ రోల్ అను సంగీతము 1950వ దశాబ్దమున అమెరికా దేశమున వ్యాపించినది. నల్లజాతివారి బ్లూస్ పాటలును, వారి దేవాలయములలోని గాస్పెల్ కీర్తనలును, పల్లెవారి కంట్రీ పాటలును దానికి మూలములు. ఆ పాటలను గ్రామఫోను రికార్డులలో విని నేర్చుకొనిన లివర్పూలు బాలురలో పాల్ మెకార్ట్నీ యొకడు. తరువాత నాతడు బీటిల్స్ బృందముతో జగత్ప్రసిద్ధుడయ్యెను.

1998 ఏప్రిల్ నెలలో ఆతని భార్య లిండా క్యాన్సరు వ్యాధిచే మరణించెను. 1999 మార్చిలో, 56 సంవత్సరముల వయస్సున, ఆతడు లండనులోని ఆబీ రోడ్ స్టూడియోలో 'రన్ డెవిల్ రన్' అను పాటల సంపుటము నారంభించెను. అందలి 15 పాటలలో 12 పాటలు ఇతరులవే. ఎల్విస్ ప్రెస్లీ, చక్ బెర్రీ, ఫాట్స్ డామినో మున్నగువారు పూర్వము పాడినవి వానిలో గలవు.

ఈ కాలమున ఒక్కొక్క వాద్యమును వేఱుగా రికార్డు చేసి, పిమ్మట గూర్చుట వాడుక. అందువలన దోషములు తొలగును గాని, కలసి వాయించువారి యుత్సాహము తగ్గును. కావున మెకార్ట్నీ దీర్ఘాభ్యాసము లేకయే, వాద్యకారులనందఱ నొకచోట గూర్చి, సుమారొక వారములో పాటలను పాడెను. 1963లో బీటిల్స్ తమ మొదటి సంపుటములోని 10 పాటలను ఆ స్టూడియోలోనే యొక్కదినమున పాడియుండిరి.

స్వయముగా పాటలు కట్టి కీర్తిగాంచినవాడు పరుల పాటలను పాడుట గురుఋణము దీర్చుకొనుటయే యని మేము తలంచుచున్నాము. దుఃఖకాలమున బాల్యమునందు కంఠస్థమైనవే మనస్సునకు ఊతయగును. విద్యార్థులారా! నేడు మీరు వల్లెవేయు పద్యములను, కీర్తనలను తేలికగా నెంచకుడు.