ఒంటరి నౌకాయానం

ప్రయాణమన్నది తెలుగువారి దృష్టిలో నలుగురితో కూడిన పని. తీర్థానికి పోయినా తిరునాళ్ళకు పోయినా వెంట బంధువర్గం ఉండవలెను. ఒంటరిగా బయలుదేరిన మనిషిని చూచి ఊరు జాలిపడుతుంది, లేదా అనుమానపడుతుంది. ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 మే నెలలో చెన్నపట్టణం నుండి కాశీకి కదలినప్పుడు వెంట కుటుంబమూ పరివారమూ కలిసి నూరుమంది దాకా ఉన్నారు. పదిహేను నెలలు సాగిన ఆ యాత్రలో ఏ మజిలీలో ఏ సరుకు దొరకునో, ఏ నదిని ఎట్లు దాటవలెనో ఆయన శ్రద్ధగా వ్రాసిపెట్టినారు. ఆ తరువాత అర్ధశతాబ్దం గడవకమునుపే పోతం జానకమ్మ అనే తెలుగు ఇల్లాలు సముద్రం దాటి ఇంగ్లండు చూచివచ్చి, ఆ ముచ్చటలు గ్రంథస్థం చేసినది. దాని ఆంగ్లరూపం 1876లో మద్రాసులో వెలువడినది. ఐనను నౌకాయానం సామాన్య గృహస్థునికి చాలాకాలం దూరపు మాటగానే ఉండిపోయినది. ఇక ఒక ఆడపిల్ల విహారం కోసం, ఒక్కతే, తన డబ్బుతో టిక్కెట్టు కొనుక్కొని ఓడ ఎక్కుట అన్నది ఊహకైనా వచ్చిన సంగతి కాదు.

ఆ ఊహను తెలుగువారికి అందించినది సినిమా అని ఒప్పుకొనవలెను.

ఇందులో ఒక చిత్రమున్నది. తెలుగు చలనచిత్ర పరిశ్రమకు కాణాచియైన జూబిలీ హిల్సు, ఫిల్మ్ నగరు ప్రాంతం వట్టి రాతిగుట్టల సీమ. రామానాయుడు స్టూడియో, ఫిలిం ఛాంబరు, నటీనటుల మేడలు అన్నీ బండలమీద లేచినవే. లాంచీ తిరుగుటకు చాలినంత నీరు ఆ గుట్టలమీద ఎక్కడా లేదు. ఐనను ఆ పరిశ్రమ గోదావరిని విడిచిపెట్టలేదు. మద్రాసులో ఉన్ననాడే 1964లో ఆదుర్తి సుబ్బారావు ‘మూగమనసులు’లో పడవవాని గుండెను తెలుగువారికి వినిపించినాడు. 1973లో బాపురమణలు ‘అందాల రాముడు’ చిత్రంలో సీతారామ కల్యాణానికి భద్రాద్రి పోయే జనంతో ఒక నావ నింపి, ఒక ఊరినే నీటిమీద నడిపించినారు. ఆ నావలో అందరూ ఉన్నారు. ఒంటరివారు మాత్రం లేరనే చెప్పవచ్చును. సందడియే దాని ప్రాణం.

ముప్పదిమూడేండ్లు గడచిన పిమ్మట, 2006లో, శేఖర్ కమ్ముల అదే నదిమీద అదే దారిలో మరొక నావను నడిపించినాడు. అదే ‘గోదావరి’. ఇందులో కమలినీ ముఖర్జీ ధరించిన సీతామహాలక్ష్మి చిన్న దుస్తుల వ్యాపారం నడుపుకొనే యువతి. వ్యాపారం సాగక, వచ్చిన సంబంధం నిలువక, మనస్సు అలసి, ఆమె భద్రాచలం పోయే విహారనౌకలో ఒక్కతే బయలుదేరుతుంది. పారిపోవుట కాదు, అలుగుట కాదు, మొక్కు తీర్చుకొనుటా కాదు. కొన్నాళ్ళు తనతో తాను ఉండవలెనన్న కోరిక, అంతే. ఇంత చిన్న కోరికను కథకు మూలంగా పెట్టి, దానికి సంజాయిషీ చెప్పించకుండా చిత్రం తీయుట సాహసమే. నావలో ఆమెకు నాయకుడు దొరకుట సినిమా ధర్మం. దానిని పట్టించుకొనక పోయినా నష్టం లేదు. నిలిచిపోవునది, చేతిలో పెట్టెతో రేవుకు వచ్చిన ఆ పిల్ల మొగములోని నిబ్బరం. ఈనాడు కొలువు చేసుకొంటూ హైదరాబాదులో ఒక గదిలో ఉండే అమ్మాయి సెలవులకు ఎక్కడికైనా ఒంటరిగా పోవలెనని తలపెట్టినప్పుడు, ఆమె మనస్సులో మెదలే బొమ్మ తరచుగా ఇదే.

ఐతే ఆ సీత ప్రయాణించిన దారి ఈనాడు యథాతథంగా లేదు. రాజమహేంద్రవరం రేవులో ఎక్కి భద్రాచలం వరకు నీటిమీదనే సాగుట ఇప్పుడు కుదరదు. పోలవరం వద్ద నిర్మాణమవుతున్న ఆనకట్ట నదికి అడ్డంగా నిలిచినది. 2021లో ప్రవాహాన్ని 48 గేట్ల స్పిల్‌వే మీదుగా మళ్ళించినారు. అందుచేత యాత్రికులు రాజమహేంద్రవరం నుండి రోడ్డుమార్గాన పోయి, ఆనకట్టకు ఎగువన గండిపోచమ్మ గుడి దగ్గర బోటు ఎక్కుతున్నారు. అక్కడినుండి దేవీపట్నం మీదుగా పాపికొండల నడుమకు ప్రయాణం. పాపిడి తీసిన తలవలె కొండలను రెండుగా చీల్చుకొని నది వచ్చుటచేత ఆ పేరు వచ్చినదని పెద్దలు చెప్పుతారు. కనుమలో నది ఇరుకై, మలుపు తిరిగినప్పుడెల్లా ముందు దారి మూసుకొనిపోయినట్లు తోస్తుంది.

ఒంటరిగా పోదలచినవారు మొట్టమొదట చూచుకొనవలసినది తమ సెలవుదినం కాదు, నది దినం. జూలై నుండి అక్టోబరు దాకా గోదావరి వరదకాలం. భద్రాచలం దగ్గర నీరు 43 అడుగులకు చేరితే మొదటి హెచ్చరిక, 48కి రెండవది, 53కి మూడవది ఎగురవేస్తారు. శీతకాలమే విహారానికి అనువైన వేళ.

ఈ మాట ఊరక చెప్పునది కాదు. 2019 సెప్టెంబరు 15, ఆదివారం. నది వరదమీద ఉండగా దేవీపట్నం సమీపాన కచ్చులూరు వద్ద ఒక విహారబోటు మునిగినది. సుమారు 50 మంది ప్రాణాలు పోయినవి. హైదరాబాదునుండి, వరంగల్లునుండి సెలవు గడుపుటకు వచ్చినవారు అందులో ఉన్నారు. బోటును పైకి తీయుటకే ఐదు వారాలు దాటినది. ఆ విషాదంలో మరొక విషాదం, బోటులో మొత్తం ఎందరున్నారో వెంటనే తేలకపోవుట. మొదటి దినాలలో పూటకొక లెక్క వినవచ్చినది. గుంపుగా వచ్చినవారిలో ఒడ్డు చేరినవారు తమవారి పేర్లు చెప్పగలరు. ఒంటరిగా వచ్చినవారి పేరు ఎవరు చెప్పాలి? ఆ తరువాత బోట్లను కొంతకాలం ఆపి, తనిఖీలు, నియంత్రణ కేంద్రాలు ఏర్పరచినారు. ఐనను ఒంటరి యాత్రికురాలు చేయవలసినవి కొన్ని ఆమె చేతిలోనే ఉన్నవి. ప్రయాణికుల జాబితాలో తన పేరు, వయస్సు సరిగా ఎక్కినవో లేవో కన్నులతో చూచుకొనవలెను. బోటు పేరు, బయలుదేరే వేళ, తిరిగివచ్చే వేళ ఇంట ఒకరికి తెలిపి ఉండవలెను. లైఫ్ జాకెట్టును ఫొటోకోసం తొడిగి పక్కన పెట్టుట మన యువతకు అలవాటు. గట్టు దిగేదాకా అది ఒంటిమీదనే ఉండవలెను.

గోదావరితో తృప్తి చెందక సముద్రం కోరేవారికి కూడ ఇప్పుడు దారి దగ్గరైనది. 2022 జూన్‌లో ‘ఎంప్రెస్’ అనే విహారనౌక విశాఖపట్నం నుండి పుదుచ్చేరి, చెన్నై పోయినది. 2023లో విశాఖ రేవులో విహారనౌకలకు ప్రత్యేకంగా ఒక టెర్మినల్ ప్రారంభమైనది. సముద్రపు ఓడలో ఒంటరివారికి ఎదురయ్యే మొదటి చిక్కు అలలు కావు, లెక్క. ఓడలవారు ఒక గదికి ఇద్దరన్న లెక్కమీద మనిషికింత అని ధర ప్రకటిస్తారు. ఒక్కరే గది తీసుకొంటే లేని రెండవ మనిషి రుసుములో కొంత భాగమో, ఒక్కొక్కప్పుడు పూర్తిగానో చెల్లించవలసి వస్తుంది. ఒంటికాయ సొంఠికొమ్ము అని ఎగతాళి చేసే లోకం, ఆ సొంఠికొమ్ము వద్ద రెట్టింపు వసూలు చేయుటకు మాత్రం వెనుకాడదు! 2010లో ‘నార్వీజియన్ ఎపిక్’ అనే ఓడలో ఒక్కరికే సరిపోయే 128 చిన్నగదులు కట్టిన తరువాత ఈ పద్ధతిలో కొంత మార్పు వచ్చినది. ఐనను అట్టి గదులు తక్కువ, ముందుగానే నిండిపోతవి.

గదిని ఎన్నుకొనుటలో బడిపిల్లలకు తెలిసిన శాస్త్రమే పనికివస్తుంది. తూగుబల్ల కొనలు ఎంత ఎగిరిపడినా నడిమిభాగం అంతగా కదలదు. ఓడ కూడ అంతే. కడుపులో తిప్పునని భయపడేవారు నడిమిభాగంలో, కింది అంతస్తులో గది తీసుకొనుట మేలు. ఓడ ఎక్కిన వెంటనే ప్రమాదవేళ ఎక్కడ చేరవలెనో నేర్పే అభ్యాసం ఒకటి జరుగుతుంది. విసుగుతో దానిని తప్పించుకొనేవారున్నారు. 2012 జనవరిలో ఇటలీ తీరాన ‘కోస్టా కాంకోర్డియా’ ఒరిగి 32 మంది చనిపోయినప్పుడు, కొత్తగా ఎక్కిన వందలమందికి ఆ అభ్యాసం ఇంకా జరుగలేదు.

ఐనను మొదటిసారి ఒంటరిగా పోయేవారికి నాలుగు దినాల సముద్రంకంటె ఒక్కనాటి గోదావరియే తగినది. హైదరాబాదులో రాత్రి రైలెక్కితే తెల్లవారేసరికి రాజమహేంద్రవరం. బోటులో భోజనం పంక్తిగానే సాగుతుంది, పక్కన కూర్చున్న ఏ ఊరి పెద్దమ్మయో “ఒక్కదానివే వచ్చావా తల్లీ?” అని అడుగక మానదు. అవునని చెప్పి మరొక ముద్ద కలుపుకొనవచ్చును. పేరంటాలపల్లి దగ్గర బోటు కొంతసేపు ఆగుతుంది. రామకృష్ణ మునివాటంలోని శివాలయం, చెట్లనీడ, కొండవాగు చప్పుడు. ప్రాజెక్టు పూర్తియై నీరు నిలిచిననాడు ఈ గట్లు, ఈ పల్లెలు చాలవరకు ముంపులోనివే. దేవీపట్నంలో ఇప్పటికే వరదకు ఇండ్లు మునిగి జనం తరలిపోయినారు. చూడదలచినవారు ఆలస్యం చేయరాదు.

సాయంకాలం బోటు గండిపోచమ్మ రేవుకు తిరిగి వచ్చేసరికి కొండల నీడ నీటిమీద పరచుకొంటుంది. రాజమహేంద్రవరం నుండి హైదరాబాదుకు రాత్రి రైలున్నది.