వలిసెలతో చిక్కదనం: పాలు లేని సలాడ్ డ్రెస్సింగ్ వెనుక రసాయనశాస్త్రం

పచ్చి కూరగాయల ముక్కలకు పట్టించే చిక్కటి, పుల్లటి ద్రవాన్ని సలాడ్ డ్రెస్సింగ్ అంటారు. దానికి నునుపైన చిక్కదనం పెరుగు వల్లనో మీగడ వల్లనో మాత్రమే వస్తుందన్న అభిప్రాయం సామాన్యంగా ఉంది. అయితే మీగడను సూక్ష్మదర్శినిలో పరిశీలిస్తే, పలుచని పొర కప్పుకొన్న కొవ్వు బిందువులు లెక్కకు మించి నీటిలో చెదిరి ఉండడం కనిపిస్తుంది. నాలుకకు తెలిసే నునుపుదనం ఆ అమరిక నుండి పుట్టేదే కనుక, కొవ్వును అంతే సన్నగా విడదీసి నిలపగలిగితే నూనెగింజలతోనూ అటువంటి ద్రవాన్ని తయారుచేయవచ్చు. దీనికి కావలసిన సామగ్రి తూర్పు కనుమలలోని అరకులోయ పరిసరాలలోనే లభిస్తుంది.

ఈ కొండలలోని పలు గిరిజన సమాజాలు పశువులను ప్రధానంగా దుక్కికీ ఎరువుకూ పెంచుకొన్నాయే గాని, మైదాన ప్రాంతాలలో వలె పాడిని ఆహారానికి కేంద్రంగా చేసుకోలేదు. పాలలోని చక్కెర అయిన లాక్టోజును జీర్ణం చేసే లాక్టేజు అనే ఎంజైము, ప్రపంచంలోని వయోజనులలో దాదాపు మూడింట రెండు వంతుల మందిలో బాల్యం తరువాత తగ్గిపోతుంది కాబట్టి, పాలు లేని వంటకాల అవసరం ఏ ఒక్క ప్రాంతానికో పరిమితమైనది కాదు.

అరకు ప్రాంతంలో వానల ఆధారంతో పండి, శీతాకాలం ప్రవేశించే వేళకు పొలాలను పసుపుపచ్చగా మార్చే వలిసెలు, వెర్రినువ్వులని కూడా పిలువబడే నూనెగింజలు. ప్రొద్దుతిరుగుడు కుటుంబానికే చెందిన ఈ మొక్కకు పుట్టినిల్లు ఇథియోపియా. ఒక మొక్క పుప్పొడితో అదే మొక్కలో గింజ సరిగా కట్టదు గనుక, పుప్పొడిని మోసే తేనెటీగలపై దిగుబడి ఎంతగానో ఆధారపడుతుంది. చిన్నవిగా, నల్లగా నిగనిగలాడే ఈ గింజల బరువులో సుమారు 30 నుండి 40 శాతం నూనె, దాదాపు 20 శాతం ప్రోటీను ఉంటాయి. నూనెలో అధికభాగం శరీరం స్వయంగా తయారుచేసుకోలేని లినోలిక్ ఆమ్లమే.

నూనెను, చింతపండు పులుసును కలిపి గిలకొడితే కొద్దిసేపు కలిసినట్లే కనిపించి మళ్లీ వేరుపడతాయి. 1 సెంటీమీటరు వ్యాసం గల నూనె బొట్టును 10 మైక్రోమీటర్ల బిందువులుగా విడగొట్టినప్పుడు దాని మొత్తం ఉపరితలం 1000 రెట్లు పెరుగుతుంది. ఆ ఉపరితలాన్ని తగ్గించుకొనే దిశగా బిందువులు మళ్లీ ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. ఆ కలయికను అడ్డుకొనే పదార్థం ఉన్నప్పుడు నిలకడగా ఉండే మిశ్రమాన్ని ఎమల్షన్ అనీ, అడ్డుకొనే పదార్థాన్ని ఎమల్సిఫైయర్ అనీ అంటారు. పాలలో ఈ పని ప్రోటీన్లు, ఫాస్ఫోలిపిడ్లు చేస్తే, మయొనైజులో గుడ్డుసొన చేస్తుంది.

గుడ్డు, పాలు రెండూ లేనిచోట ఆ బాధ్యతను ఆవాలు స్వీకరిస్తాయి. ఆవపొట్టులోని జిగురు నీటిని చిక్కబరచి బిందువుల కదలికను మందగింపజేస్తుంది. ఆవాలలోని ప్రోటీన్లు బిందువుల చుట్టూ చేరతాయి. మెత్తగా నూరిన వలిసెల రేణువులు కూడా నూనెకూ నీటికీ నడుమ చేరి కొంతవరకు గోడలా నిలుస్తాయి. ఘనరేణువులు ఇలా నిలబెట్టే మిశ్రమాలను, 1907లో వాటిని వివరించిన ఆంగ్ల శాస్త్రజ్ఞుని పేరిట పికరింగ్ ఎమల్షన్లంటారు.

తయారీలో రెండు పెద్ద చెంచాల వలిసెలను సన్నని సెగపై చిటపటలాడే వరకు మాత్రమే వేయించి, చల్లారాక మెత్తగా పొడిచేసి జల్లించాలి. అర చిన్నచెంచా ఆవపిండిని కొద్దిపాటి చల్లని నీటితో కలిపి పది నిమిషాలు ఉంచాలి. పులుపు ముందే చేరితే ఆవఘాటును పుట్టించే మైరోసినేజు అనే ఎంజైము మందగిస్తుంది గనుక, ఘాటు వచ్చిన తరువాతనే రెండు పెద్ద చెంచాల చింతపండు పులుసు, ఉప్పు, కొంచెం తేనె చేర్చాలి. వలిసెల పొడిని, నాలుగు పెద్ద చెంచాల నీటిని కలిపి, ఒక పెద్ద చెంచా వలిసెల నూనెను బొట్టుబొట్టుగా పోస్తూ ఆపకుండా గిలకొట్టాలి. నూనెను ఒక్కసారిగా పోస్తే బిందువులు చిన్నవి కాకముందే కలిసిపోయి మిశ్రమం విరిగిపోతుంది. గింజల వల్ల రంగు బూడిదవన్నెలో ఉండడం సహజం.

మయొనైజు బరువులో సాధారణంగా 70 నుండి 80 శాతం నూనె ఉండగా, పై కొలతలతో చేసిన మిశ్రమంలో గింజలలోని నూనెతో కలిపి కూడా కొవ్వు సుమారు ఆరో వంతే. చిక్కదనాన్ని నూనెకు బదులు రేణువులు, జిగురు అందిస్తున్నందువల్లనే ఈ తేలికదనం సాధ్యమైంది. అయినా నూనెను పూర్తిగా మానడం మేలు కాదు. క్యారెట్‌లోని బీటాకెరోటిన్ వంటి పదార్థాలు కొవ్వులో కరిగేవి కాబట్టి, కొంత నూనె తోడైతేనే పేగులు వాటిని బాగా గ్రహిస్తాయి. కొండలలో పండే రాజ్‌మాను దీనితో కలపదలచినప్పుడు, పచ్చిగింజలలోని హానికరమైన లెక్టిన్ నశించేలా ముందుగా నానబెట్టి, ఆ నీటిని పారబోసి, పూర్తిగా ఉడికించాలి.

లినోలిక్ ఆమ్లం గాలి, వెలుతురు తగిలితే త్వరగా కనరెక్కుతుంది కనుక గింజలను అవసరమైనప్పుడే పొడిచేసి, మిశ్రమాన్ని మూతపెట్టి ఫ్రిజ్‌లో ఉంచి రెండు మూడు రోజులలో వాడుకోవాలి. వలిసెలు దొరకని ప్రాంతాలలో నువ్వులకూ వేరుశనగకూ ఇదే పద్ధతి వర్తిస్తుంది; వాటిలో నూనె మరింత అధికం గనుక విడిగా పోసే నూనెను ఆ మేరకు తగ్గించుకొంటే చాలు.