మస్టర్ పడిన చోటే భృతి

సింగరేణి బొగ్గు గనులున్న శ్రీరాంపూర్‌లో మస్టర్ అంటే ఏమిటో చిన్నపిల్లలకు కూడా తెలుసు. షిఫ్టు వేళకు బాయి (గని) మీదికి పోవాలి, హాజరు పడాలి. అప్పుడే ఆ రోజు లెక్కలోకి వస్తుంది. మనిషి ఎంత పనిమంతుడైనా, ఇంటి దగ్గర ఎంత సిద్ధంగా కూర్చున్నా, మస్టర్ పడకపోతే అది నాగాయే.

ఈ సింగరేణి క్వార్టర్లలో పెరిగి, ఇంజనీరింగ్ చదివి అమెరికా, కెనడా, జర్మనీ వెళ్లినవాళ్లున్నారు. లక్షెట్టిపేట, జన్నారం, ధర్మపురి, జగిత్యాల వైపు పల్లెల నుంచి దుబాయి పోయినవాళ్ల సంగతి చెప్పనే అక్కర్లేదు. వాళ్లలో ఒకరికి ఉద్యోగం పోయిందనుకుందాం. ఇంటి నుంచి ఫోన్ వస్తుంది. "పని లేనప్పుడు ఆడ ఒక్కనివే ఎందుకుంటవ్ బిడ్డా, ఓ నెల ఇంటికొచ్చి పో" అంటాడు తండ్రి. "ఇప్పుడు రాలేను బాపు, వస్తే ఇచ్చే పైసలు కూడా ఆగుతయ్" అంటాడు కొడుకు. తండ్రికి ఇది మింగుడుపడదు. ఉద్యోగం ఎలాగూ లేదు. ఇచ్చే పైసలేవో ఇస్తున్నారు. అలాంటప్పుడు మనిషి అక్కడుంటేనేం, ఇక్కడుంటేనేం?

ఆ ప్రశ్నకు జవాబు తండ్రికి బాగా తెలిసిన మస్టర్‌లోనే ఉంది.

సాయం వేరు, బీమా వేరు

నిరుద్యోగ భృతి అనగానే మన చెవికి ఎన్నికల హామీ వినిపిస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2018 అక్టోబర్ 2న మొదలైన ముఖ్యమంత్రి యువనేస్తం అలాంటిదే. చదువుకుని ఉద్యోగం దొరకని యువతకు మొదట్లో నెలకు 1000 రూపాయలు ఇచ్చిన పథకం అది. ప్రభుత్వం చేసే సాయం కాబట్టి అందులో బీమా లెక్క ఉండదు.

అమెరికాలో ఉన్నది బీమా. 1935 ఆగస్టు 14న వచ్చిన సోషల్ సెక్యూరిటీ చట్టం దానికి పునాది. నడిపేది రాష్ట్రాలు. చాలా రాష్ట్రాల్లో యజమానులు కట్టే పన్నుతోనే ఆ నిధి నిండుతుంది. న్యూజెర్సీ లాంటి కొన్నిచోట్ల ఉద్యోగి జీతంలోంచి కూడా కొంత కోస్తారు. తన తప్పు లేకుండా ఉద్యోగం పోయినవాళ్లకు వారం వారం డబ్బు వస్తుంది, ఎక్కువ రాష్ట్రాల్లో గరిష్ఠంగా 26 వారాల పాటు. వారానికి ఇచ్చే గరిష్ఠ మొత్తం కాలిఫోర్నియాలో చాలా ఏళ్లుగా 450 డాలర్లు, ఫ్లోరిడాలో 275 డాలర్లు. అద్దెలు చూస్తే అది పెద్ద మొత్తమేమీ కాదు.

ఏ బీమాకైనా షరతులుంటాయి. దీని షరతులు మూడు: పని చేయగలిగే స్థితిలో ఉండాలి, పిలిస్తే వెంటనే చేరడానికి అందుబాటులో ఉండాలి, పని వెతుకుతూ ఉండాలి. లబ్ధిదారు ప్రతి వారం లేదా రెండు వారాలకోసారి ఈ ప్రశ్నలకు జవాబిచ్చి సంతకం పెట్టాలి. ఆ సంతకమే ఆ వారం మస్టర్.

గని కార్మికుడికి తెలిసిన న్యాయమే

ఇది పరాయి దేశాలవాళ్లు కొత్తగా కనిపెట్టిన కట్టుబాటు కాదు. మన పారిశ్రామిక వివాదాల చట్టంలోకి 1953లో లే ఆఫ్ నిబంధనలు వచ్చాయి. ఫ్యాక్టరీలతో పాటు గనులు, తోటలు కూడా వాటి పరిధిలోకి వచ్చాయి. బొగ్గు కొరత వల్లో యంత్రం చెడిపోయో యాజమాన్యం పని ఇవ్వలేకపోతే, అర్హుడైన కార్మికుడికి మూల వేతనం, కరువు భత్యం కలిపి అందులో సగం పరిహారంగా ఇవ్వాలని ఆ నిబంధనలు చెప్పాయి. అయితే ఆ సగానికీ ఒక షరతు పెట్టారు. కార్మికుడు పని వేళల్లో, చెప్పిన సమయానికి, రోజుకు ఒక్కసారైనా వచ్చి కనబడాలి. అయిదు మైళ్ల లోపల అదే యజమాని తగిన వేరే పని చూపిస్తే కాదనకూడదు. రాకపోతే ఆ రోజు పరిహారం ఉండేది కాదు.

అంటే పని లేని రోజుకు కూడా మస్టర్ పడాల్సిందే. మనిషి పనికి సిద్ధంగా ఉండి, పని దొరక్కపోవడం వల్ల నష్టపోయాడు కాబట్టే ఆ డబ్బు. పని దొరికినా అందుకోలేనంత దూరంలో ఉంటే ఆ వాదన నిలబడదు. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1952లో చేసిన సామాజిక భద్రత ఒడంబడిక, 102వ నంబరుది, ఇదే మాట అంటుంది. లబ్ధిదారు దేశం బయట ఉన్నంత కాలం ఆ ప్రయోజనాన్ని ఆపివేయడానికి అది దేశాలకు వీలిస్తుంది.

అమెరికాలో మనవాళ్లకు రెండు ముళ్లు

గ్రీన్ కార్డు ఉన్నవాళ్లు, పౌరసత్వం వచ్చినవాళ్లు, సొంత పని అనుమతి కార్డు ఉన్నవాళ్లు మామూలు నియమాల ప్రకారం దరఖాస్తు చేసుకోవచ్చు. వాళ్లకు ఇబ్బంది ఇండియా ప్రయాణంతోనే. ఇక్కడికి వచ్చిన వారాల్లో "పనికి అందుబాటులో ఉన్నాను" అని రాయడం కుదరదు. ప్రయాణం సంగతి దాచి రాస్తే అది మోసం కిందికి వస్తుంది. తీసుకున్న డబ్బు తిరిగి కట్టాలి. దాని మీద కనీసం 15 శాతం జరిమానా వేయాలని కేంద్ర చట్టమే రాష్ట్రాలను ఆదేశిస్తోంది. పాస్‌పోర్టులో, విమానం టికెట్‌లో తేదీలుంటాయి, వెబ్‌సైట్ ఏ దేశం నుంచి తెరిచారో కూడా నమోదవుతుంది. ఇవన్నీ ఏదో ఒకరోజు సాక్ష్యం చెబుతాయి.

హెచ్1బీ పని వీసా మీద ఉన్నవాళ్ల పరిస్థితి ఇంకా ఇరుకు. వాళ్ల పని అనుమతి ఆ యజమానితో ముడిపడి ఉంటుంది. ఉద్యోగం పోయాక "పని చేయడానికి అందుబాటులో" ఉన్నట్టు చాలా రాష్ట్రాలు ఒప్పుకోవు. కాబట్టి భృతి దొరకడమే కష్టం, రాష్ట్రాన్ని బట్టి అడిగి తెలుసుకోవాలి. 2017 జనవరి 17 నుంచి అమల్లో ఉన్న నియమం కింద వాళ్లకు దొరికేది గరిష్ఠంగా 60 రోజుల గడువు. ఈలోపు కొత్త యజమాని దరఖాస్తు వేయాలి, లేదా వేరే వీసా చూసుకోవాలి, కాదంటే బయల్దేరాలి. ఆ 60 రోజులు అమెరికాలో ఉండటానికిచ్చిన గడువు. మధ్యలో దేశం దాటితే అది అక్కడితో ముగిసినట్టే. అందుకే "నెల రోజులు వచ్చి పో" అన్న ప్రేమపూర్వకమైన మాట అతనికి గుండెల మీద రాయిలా పడుతుంది.

ముందే చెబితే తెరుచుకునే తలుపులు

అన్ని దేశాలూ ఒకే తీరుగా లేవు. కెనడా ఉపాధి బీమా మామూలుగా దేశం బయట ఉన్న రోజులకు డబ్బు ఇవ్వదు. కానీ మనిషికి తల్లిదండ్రులుంటారని, వాళ్లకు జబ్బు చేస్తుందని, వాళ్లు కన్నుమూస్తారని ఆ చట్టం గుర్తించింది. దగ్గరి బంధువు అంత్యక్రియలకు, తీవ్రంగా జబ్బుపడిన కుటుంబ సభ్యుడిని చూడటానికి, లేదా ఉద్యోగ ఇంటర్వ్యూకు వెళ్తే వరుసగా 7 రోజుల వరకు భృతి ఆగదు. నిజంగా ఉద్యోగం వెతకడానికి వెళ్తే 14 రోజుల వరకు వీలుంది. ఆ రోజుల్లో కూడా పనికి అందుబాటులో ఉన్నట్టు చూపించాలి, ప్రయాణం సంగతి తప్పకుండా తెలపాలి.

జర్మనీలో చివరి నికర జీతంలో 60 శాతం, పిల్లలుంటే 67 శాతం వస్తుంది. ఏడాదిలో 3 వారాల వరకు ఊరు వదిలి వెళ్లవచ్చు. కాకపోతే ముందుగా ఉపాధి కార్యాలయం అనుమతి తీసుకోవాలి. అడిగి వెళ్లినవాళ్ల భృతి నడుస్తుంది, అడగకుండా వెళ్లినవాళ్లది తెగుతుంది. బాయి మీద సెలవు చీటీ పెట్టి పోవడానికి, చెప్పకుండా నాగా పెట్టడానికి ఉన్న తేడాయే ఇది.

దుబాయిలో అయిదు దిర్హాముల బీమా

మన ప్రాంతానికి అన్నిటికన్నా దగ్గరి విషయం ఎమిరేట్స్‌ది. అక్కడ 2023 జనవరి 1 నుంచి ఉద్యోగం పోతే ఆదుకునే బీమా తప్పనిసరి అయ్యింది. మూల వేతనం 16,000 దిర్హాములు, అంతకన్నా తక్కువ ఉన్నవాళ్లు నెలకు 5 దిర్హాములు కట్టాలి, అంతకు మించితే 10. అందులో చేరనివాళ్లకు 400 దిర్హాముల జరిమానా. కనీసం 12 నెలలు వరుసగా కట్టి ఉంటే, ఉద్యోగం పోయాక మూల వేతనంలో 60 శాతం చొప్పున 3 నెలల వరకు వస్తుంది. తానుగా రాజీనామా చేస్తే రాదు. క్రమశిక్షణ చర్య మీద తీసేసినా రాదు. ఇళ్లలో పనిచేసేవాళ్లకు ఇది వర్తించదు.

దరఖాస్తు 30 రోజుల లోపు పెట్టాలి, దేశంలో చట్టబద్ధంగా ఉండాలి. దేశం విడిచి వెళ్తే హక్కు పోతుంది. కంపెనీ వీసా రద్దు చేసి టికెట్ చేతిలో పెట్టగానే శంషాబాద్‌లో దిగే మనిషి, తాను నెల నెలా కట్టిన బీమాను అక్కడే వదిలేసి వస్తున్నట్టు లెక్క. అలాగని అందరూ ఆగిపోవాలని కాదు. మూల వేతనం 1000 దిర్హాములైతే వచ్చేది నెలకు 600. ఆ డబ్బుతో గది అద్దె, తిండి గడుస్తాయా, మూడు నెలల్లో వేరే పని దొరికే ఆశ ఉందా అని లెక్క వేసుకుని తేల్చుకోవాలి. తెలియక పోగొట్టుకోవడం మాత్రం జరగకూడదు.

మన దేశంలోనూ ఇలాంటిది ఒకటి ఉంది. కార్మిక రాజ్య బీమా (ఈఎస్‌ఐ) కింద 2018 జూలై 1న మొదలైన అటల్ బీమిత్ వ్యక్తి కల్యాణ్ యోజన, ఉద్యోగం పోయిన బీమాదారుకు సగటు రోజువారీ సంపాదనలో 50 శాతం, 90 రోజుల వరకు, జీవితంలో ఒక్కసారి ఇస్తుంది. అయితే 1948 నాటి ఈఎస్‌ఐ చట్టం గనులను ఫ్యాక్టరీ నిర్వచనంలోంచి మినహాయించింది. అందుకే సింగరేణి ఇళ్లలో దీని పేరు అంతగా వినిపించదు.

టికెట్ కొనే ముందు

ఉద్యోగం పోయినవాళ్లు ముందు భృతి దరఖాస్తు పెట్టి, ఆ తరవాతే ప్రయాణం గురించి ఆలోచించాలి. వెళ్లే తేదీ, వచ్చే తేదీ కార్యాలయానికి రాతపూర్వకంగా తెలపాలి. అమెరికాలో భృతి తీసుకునేవాళ్లు ఇండియాలో ఉన్న వారాలకు డబ్బు కోరవద్దు. అలా కోరని వారాలను మామూలుగా నష్టపోయినట్టు లెక్కించరు, తిరిగి వెళ్లాక మిగిలిన వారాలకు మళ్లీ అడగవచ్చు. వీసా మీద ఉన్నవాళ్లు టికెట్ కొనే ముందే వలస చట్టం తెలిసిన వకీలును అడగాలి. మన తరఫున ఇంకొకరు వెబ్‌సైట్‌లో సంతకం పెట్టడం బాయి మీద దొంగ మస్టర్ వేయించడం లాంటిదే.

ఇక్కడి తల్లిదండ్రులకు కూడా ఒక మాట. ఆ కాగితాల్లో "విదేశీ ప్రయాణం" అని రాసి ఉన్నది మన ఇంటి గురించే. పిల్లలు పుట్టిన ఊరు ఆ కార్యాలయానికి పరదేశం. తల్లి జబ్బును కెనడా ఏడు రోజుల మేరకైనా లెక్కలోకి తీసుకుంది. వలస వచ్చినవాళ్ల చెమట మీద నడుస్తూ కూడా ఆ వీలు ఇవ్వని దేశాలు ఆ మాత్రం తలుపు తెరవాలి. అప్పటిదాకా, "ఇప్పుడు రాలేను" అన్న కొడుకు మీద అలగకండి. పని లేని రోజు కూడా బాయి మీద నిలబడి హాజరు వేయించుకుని వచ్చిన తండ్రి కొడుకే అతను. ఇప్పుడు ఏడు సముద్రాల అవతల తన వంతు మస్టర్ కోసం నిలబడి ఉన్నాడు.