నలుగురిలో బిడ్డల పెంపకము

బిడ్డను పెంచుట యొక పని. పెంచుచున్నామని నలుగురికి వినిపించుట వేఱొక పని. ఈ రెండును ఒక్కటేయని పొరబడుట నేడు మన యిండ్లలో సాధారణమైపోయినది. ఈ రెండవ పని యెట్లు వచ్చినది, దానివలన బిడ్డకు కలుగు నష్టమేమి, దానిని మానుకొనుట యెట్లు అను విషయములను ఈ ప్రసంగమున విచారింతము.

చీరాల నుండి కారంచేడు మీదుగా పర్చూరు పోవు బస్సులో సంక్రాంతి దినములయందు ప్రయాణము చేసినవారు ఈ దృశ్యము నెఱుగుదురు. హైదరాబాదు నుండియో బెంగుళూరు నుండియో పండుగకు వచ్చుచున్న కుటుంబ మొకటి యుండును. ఏడెనిమిదేండ్ల పిల్లవాడు కిటికీ వద్ద కూర్చుండి దారిప్రక్కన మేయుచున్న గేదెలను చూచుచుండును. తండ్రి బస్సంతయు వినబడునట్లు, "నాన్నా, పదిహేడో ఎక్కం చెప్పు" అనును. పిల్లవాడు ముఖము త్రిప్పకయే ఒప్పగించును. తండ్రి చూపు బిడ్డమీద నుండదు. ప్రక్క సీటువారి మీద నుండును. ఇంతలో ముందు సీటున నున్న యొకాయన అరటితొక్కను బయట పారవేయును. వెంటనే తల్లి, "మనమెప్పుడూ అలా చేయకూడదు కదా తల్లీ" అని కూతురితో గట్టిగా పలుకును. మాట మంచిదే. కాని ఆ పాఠము కూతురికి గాదు, ముందు సీటాయనకు. తన పేరు పెట్టి పొరుగువానికి పంపిన యుత్తరమును బిడ్డ చేతితో మోయవలసివచ్చినది.

పెండ్లి విడిదిలోను ఇదియే జరుగుచున్నది. నిద్రకన్నులతో నున్న బాలికను నిలువబెట్టి, "తాతయ్యగారికి శ్లోకం చెప్పమ్మా, మామయ్యకు ఇంగ్లీషు పద్యం చెప్పమ్మా" అని బ్రతిమాలుదురు. చెప్పిన మెచ్చుకోలు తల్లిదండ్రులకు. చెప్పనిచో కోపము బిడ్డకు.

ఇట్టివారందఱు గర్విష్ఠులని మేము చెప్పుట లేదు. ఈ యలవాటునకు కారణము లున్నవి. మన పూర్వులు బిడ్డను నలుగురిలో పొగడుటకు జంకెడివారు. బుగ్గమీద కాటుకచుక్క పెట్టుటయు, సందెవేళ ఉప్పు, మిరపకాయలతో దిష్టి తీయుటయు అందులకే. పుట్టిన బిడ్డలు దక్కని యిండ్లలో తరువాతి బిడ్డకు పెంటయ్య, పుల్లయ్య యను పేర్లు పెట్టెడివారు. ఉమ్మడి కుటుంబములలో పెద్దల యెదుట తన బిడ్డను తా నెత్తుకొనుటకే సిగ్గుపడిన తండ్రులు పెక్కుమంది. దిష్టి తగులునను నమ్మకమునకు ఆధారము లేదు. ఆ తండ్రుల బిడియమువలన బిడ్డలు పోగొట్టుకొన్న లాలనను మేలనియు మనము చెప్పలేము. అయినను ఆ యాచారముల వెనుక నొక వివేకము కలదు: బిడ్డ నలుగురికి చూపుటకై యుంచుకొన్న సొత్తు కాదు.

సుమతీ శతకమున పుత్రునివలన తండ్రికి కలుగు సంతోషమును గూర్చిన పద్యము మనలో రానివారరుదు. కొడుకు పుట్టిననాడు కాదు, లోకులు వానిని చూచి మెచ్చిననాడే తండ్రికి నిజమైన సంతోషమని దాని భావము. ఆ పద్యమును నమ్మియే కొందఱు మెచ్చుకోలు కొఱకు తొందరపడుచున్నారేమో. కాని శతకకారుడు మెచ్చు పనిని లోకులకు విడిచెను, తండ్రికి అప్పగింపలేదు.

పూర్వపు జంకు పోయి ఈ తొందర వచ్చుట యెట్లు? 1855 లో బెజవాడ వద్ద కృష్ణకు ఆనకట్ట పూర్తియైన పిదప డెల్టా గ్రామములలో మాగాణి భూమి కుటుంబ గౌరవమునకు కొలతయైనది. ఆ భూమి అన్నదమ్ములు పంచుకొన్నకొలది తఱుగుచు వచ్చినది. చదువునకు ఆ భయము లేదు. చదువుతో బిడ్డలు పట్టణములకు, పరదేశములకు పోయిరి. నాడు ఎకరములు చెప్పిన నోరు నేడు ర్యాంకులు చెప్పుచున్నది. అదిగాక, నాడు ఇంటినిండ బిడ్డలుండెడివారు. నేడు ఒకరో యిద్దఱో. తల్లిదండ్రుల యాశయంతయు ఆ యొకరిద్దఱి భుజములపై పడుచున్నది. పండుగకు ఊరు చేరిన కుటుంబమునకు బంధువుల యెదుట నేడాదికొక పరీక్ష జరుగుచున్నట్లున్నది. ఆ పరీక్షకు కూర్చుండువారు పెద్దలు. వ్రాయువాడు మాత్రము పిల్లవాడు.

ఇందు బిడ్డకు హాని యేమని కొందఱడుగవచ్చును. బిడ్డ మాటకంటె ముందు ముఖమును చదువును. 1985 లో అమెరికాలో సోర్స్, ఎమ్డె, కాంపోస్, క్లిన్నర్ట్ అను శాస్త్రజ్ఞులొక ప్రయోగమును ప్రకటించిరి. బల్లపై దళసరి గాజుపలక పఱచి, ఒకవైపు గాజు క్రింద లోతు ఉన్నట్లు కనబడునట్లు చేసిరి. ఏడాది వయస్సు బిడ్డలను ఈవలి యంచున విడిచి, తల్లుల నావల నిలిపిరి. తల్లి మాటాడరాదు, ముఖమున భావము మాత్రము చూపవలెను. తల్లి ముఖమున సంతోషము కనబడినప్పుడు 19 మంది బిడ్డలలో 14 గురు ఆ గాజును దాటి తల్లిని చేరిరి. భయము కనబడినప్పుడు 17 గురిలో ఒక్కరును దాటలేదు. మాట రాని యేడాది బిడ్డయే ముఖము చూచి ఇంత గ్రహించుచుండగా, ఏడేండ్ల బిడ్డ తన తండ్రి కన్ను ప్రక్క సీటుమీద నున్నదని గ్రహింపకుండునా? ఆ మెచ్చుకోలు తనకు గాదని వానికి తెలియును. దండన విషయమునను అంతే.

దండనను గూర్చి వేఱుగ చెప్పవలెను. ఇంటిలో నీళ్లు ఒలికిన "తుడిచెయ్యి నాన్నా" అను తల్లి, విందు పంక్తిలో అదే నీళ్లు ఒలికిన చేయి యెత్తును. తప్పు పెరుగలేదు, చూచువారు పెరిగిరి. "మేము బిడ్డను అదుపులో పెట్టువారము" అని పంక్తికి చెప్పుటకై ఆ దెబ్బ పడును. ఇందువలన బిడ్డ నేర్చుకొనున దేమనగా, తప్పు యొక్క బరువు చూచువారి సంఖ్యను బట్టి యుండునని. ఎవ్వరును చూడనప్పుడు ఆ తప్పునకు బరువే లేదని తరువాత తానే తేల్చుకొనును.

మెచ్చుకోలును ఇట్లే వికటింపవచ్చును. 1998 లో కొలంబియా విశ్వవిద్యాలయమునకు చెందిన క్లాడియా ముల్లర్, కారల్ డ్వెక్ అనువారు అయిదవ తరగతి బాలబాలికలకు కొన్ని చిక్కుప్రశ్నలిచ్చిరి. అనంతరము కొందఱిని "నీవు తెలివిగలవాడవు" అనియు, కొందఱిని "బాగుగ శ్రమపడితివి" అనియు మెచ్చుకొనిరి. పిదప కఠినమైన ప్రశ్నలిచ్చిరి, అందఱును తడబడిరి. కడపట, వేఱొక పాఠశాల పిల్లలకు ఈ ప్రశ్నలను గూర్చి వ్రాయుడని కాగితమిచ్చి, తమకు వచ్చిన మార్కులను గూడ వ్రాయుమనిరి. తెలివిని మెచ్చుకొనబడినవారిలో నూటికి సుమారు 40 మంది మార్కులను పెంచి వ్రాసిరి. శ్రమను మెచ్చుకొనబడినవారిలో అట్లు చేసినవారు నూటికి సుమారు 13 మంది మాత్రమే. ఎన్నడును చూడని పిల్లల యెదుట గూడ తమ పేరు నిలుపుకొనుటకు వారు అబద్ధమాడిరి.

ఈ సంఖ్యలను మన యింటికి తెచ్చుకొందము. పదిమందిలో "మావాడు ఎప్పుడూ ఫస్టే" అని చాటబడిన బాలునికి ఒకమాఱు మార్కులు తగ్గినవి. వాడు ఎవరితో చెప్పుకొనవలెను? చాటినవారు తల్లిదండ్రులే గదా. వాని యోటమి వారి మాటను అబద్ధము చేయును. కనుక ప్రోగ్రెస్ కార్డును పుస్తకముల యడుగున దాచును. లేదా సంతకమును తానే పెట్టుకొనును. కష్టము వచ్చినప్పుడు పరుగెత్తుకొని రావలసిన యిల్లే దాచుకొనవలసిన చోటగును. ఇంతకంటె గొప్ప నష్టము బిడ్డకు వేఱొండు లేదు.

తప్పంతయు తల్లిదండ్రులదే కాదు. ఊరు చేరిన పిల్లవానిని చూచి "ఎన్నో ర్యాంకు?" అని మొదట నడుగువారు మనము కామా? బస్సులో పసిబిడ్డ యేడ్చిన తల్లివంక కోపముతో చూచువారు మనము కామా? ఆమె గొంతు పెంచునది పెక్కుమాఱులు మన చూపునకు జవాబుగనే. "పసిపిల్లలు ఏడవరటమ్మా, ఇటు కూర్చో" అని కొంచెము చోటిచ్చిన చాలును. ఆమెకు ఎవ్వరికిని ఏమియు నిరూపింపవలసిన పని యుండదు.

బిడ్డలు నలుగురిలో పాడరాదా, ఆడరాదా యని శ్రోతలకు సందేహము కలుగవచ్చును. రేడియోకు ఈ ప్రశ్న క్రొత్తది కాదు. న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు 1940 లో మద్రాసున ఆంధ్ర బాలానంద సంఘమును స్థాపించి, రేడియో అన్నయ్య, అక్కయ్యలుగ పేరొంది, ఎందఱో పిల్లలచేత పాడించిరి, ఆడించిరి. అచ్చట బిడ్డ తోటిపిల్లలతో గలిసి, తనకు ఇష్టమైన పాటను, తన యీడు పిల్లలు వినుటకై పాడును. వినువారికి బిడ్డ గొంతు వినబడును గాని తల్లిదండ్రుల ముఖములు కనబడవు. వేదిక బిడ్డదై యున్నంతవఱకు అది మేలే చేయును.

ఇక ఆచరణ విషయము. బిడ్డతో చెప్పవలసినది చెప్పునప్పుడు, దగ్గఱకు పోయి, వంగి, వానికి మాత్రమే వినబడునట్లు చెప్పుడు. మందలింపు ఇంటికి పోవువఱకు ఆగగలిగిన ఆపుడు. ఆపలేనిచో పంక్తి నుండి ప్రక్కకు తీసికొనిపోయి చెప్పుడు. మెచ్చుకొనునప్పుడు బిడ్డ చేసిన పనిని పేర్కొనుడు. "చెల్లెలికి నీళ్లు అందించావు, బాగుంది" అనుమాటకు సాక్షు లక్కఱలేదు. పాట పాడుమనుటకు ముందు "పాడతావా?" అని యడుగుడు, "వద్దు" అన్న దానిని మన్నింపుడు. సెల్‌ఫోనులో బిడ్డ యేడ్పును, అలుకను చిత్రించి పదిమందికి పంపుటయు పంక్తిలో చేయు ప్రదర్శనవంటిదే; పంక్తి ఒక పూటతో లేచిపోవును, ఆ చిత్రము లేవదు.

తల్లిదండ్రులు తమను తామొక చిన్న ప్రశ్న వేసికొనవచ్చును: ఈ మాటను చుట్టును ఎవ్వరును లేకున్నను ఈ గొంతుతోనే చెప్పుదునా? చెప్పుదుననిన, ఆ మాట బిడ్డది. చెప్పననిన, బిడ్డను కాసేపు కిటికీ బయటి గేదెలను చూడనిచ్చుట మేలు.