వచ్చాడా? వచ్చిందా?

తమను 'అతడు' అనవద్దనీ, 'ఆమె' అనవద్దనీ, ఆడా మగా తేడా లేని మాట ఏదైనా వాడమనీ కొందరు కోరుతున్నారు. ఇదంతా పైదేశాల నుంచి దిగిన కొత్త వేషం అని కొట్టిపారేసేవాళ్ళున్నారు. నేను చదివేది బి.ఎస్సీ., వ్యాకరణం కాదు. అయినా ఈ కోరిక ఎందుకు పుట్టిందో తెలియడానికి మన తెలుగే చాలనిపిస్తుంది.

మా కొట్టంలో ఉన్న ఎద్దు మగదే. అయినా 'ఎద్దు వచ్చింది' అంటాం. అమ్మ వచ్చింది, ఆవు వచ్చింది, వాన వచ్చింది. 'వచ్చాడు' అనిపించుకునేది మగమనిషి, లేకపోతే సూర్యుడు, చంద్రుడు వంటి దేవుళ్ళు. చిన్నయసూరి బాలవ్యాకరణంలో ఆ మగవాళ్ళ మాటలకు మహత్తులని పేరు, తక్కినవి అమహత్తులు. ఏకవచనంలో స్త్రీకి అమహత్తు రూపమే. బహువచనంలో మాత్రం ఆడామగా కలిసి 'వచ్చారు' అవుతారు, పశువులు 'వచ్చాయి' దగ్గరే ఆగిపోతాయి.

ఇప్పుడు ఆడ, మగ రెండింట్లోనూ ఇమడని మనిషిని తలచుకోండి. 'వాడు' అంటే అది తాను కాదు. 'అది' అంటే పశువుతో జమ. ట్రాన్స్‌జెండర్ వ్యక్తులను బస్టాండుల్లో, రైళ్ళలో ఆ మాటతోనే ఎంత హేళన చేస్తారో మనమంతా విన్నదే. 2014 ఏప్రిల్ 15న సుప్రీంకోర్టు నల్సా కేసులో మూడో జెండర్‌ను గుర్తించింది. తన జెండర్ ఏమిటో చెప్పుకునే హక్కు ఆ మనిషిదేనంది. అయితే అందరి కోరికా ఒకటి కాదు. ట్రాన్స్ మహిళల్లో 'ఆమె' అనే పిలవమనేవారు చాలామంది. వారికి ఆ మాట దక్కనీయకపోతే అదీ అవమానమే.

ఇంగ్లీషువాళ్ళ పని తేలిక. ఒక్క మనిషికి 'దే' వాడటం వాళ్ళకు 14వ శతాబ్దం నుంచీ ఉంది. క్రియకు లింగం లేదు గనుక సర్వనామం మారిస్తే సరిపోతుంది. స్వీడన్‌లో 'హెన్' అనే మాట 2015లో అకాడమీ పదకోశానికి ఎక్కింది. బెంగాలీలో ఆ అవసరమే లేదు, 'శే' అంటే ఆడైనా మగైనా సరే.

మనకూ 'తను' ఉంది గదా అంటారేమో. కాని 'తను' అన్నాక వాక్యం చివర వచ్చాడనో వచ్చిందనో అనక తప్పదు. దాచిన గుట్టు క్రియ బయటపెడుతుంది. 'వారు వచ్చారు' అంటే ఏ తప్పూ లేదు. ఒక్కరికి బహువచనమేమిటనేవాళ్ళు మాష్టార్ని రోజూ ఏమంటున్నారో గమనించాలి. కాకపోతే పక్క బెంచీ స్నేహితుల్ని 'వారు' అంటే వెక్కిరించినట్లుంటుంది. అసలు చిక్కు ఇక్కడే.

'నేను', 'నువ్వు' లతో ఈ బాధ లేదు. (ఇంతవరకూ చదివారు గదా, నేను ఆడో మగో ఒక్క క్రియలోనైనా దొరికిందా?) 'తనకి తెలుసు', 'తను వెళ్ళాలి', 'తను రాలేదు' - వీటికీ లేదు. క్లాసుకు రాలేదని చెప్పడానికి ఏ ఇబ్బందీ ఉండదు, వచ్చిన రోజునే తంటా. ఆ రోజున నేనైతే 'వచ్చారు' అనే అంటాను, నవ్వేవాళ్ళు నవ్వనీ.