శిక్ష పడ్డాక మిగిలే కథ

బ్రిటన్‌లో ఐటీవీ 2021లో మూడు భాగాలుగా ప్రసారం చేసిన ‘స్టీఫెన్’ ధారావాహికలో హత్య కంటే ఆ తరువాతి నిరీక్షణకే ఎక్కువ చోటు దక్కింది. 1993 ఏప్రిల్ 22న ఆగ్నేయ లండన్‌లోని ఎల్తమ్‌లో బస్సు కోసం ఎదురుచూస్తున్న పద్దెనిమిదేళ్ల నల్లజాతి విద్యార్థి స్టీఫెన్ లారెన్స్‌ను తెల్లజాతి యువకులు పొడిచి చంపగా, నిందితుల పేర్లు కొద్ది రోజుల్లోనే పోలీసులకు అందినా దర్యాప్తు నత్తనడక నడిచింది; తల్లిదండ్రులు డోరీన్, నెవిల్ సొంతంగా నడిపిన కేసు కూడా 1996లో వీగిపోయింది. 1999లో వెలువడిన మాక్‌ఫర్సన్ నివేదిక ఈ వైఫల్యాన్ని ‘సంస్థాగత జాతివివక్ష’గా గుర్తించింది, అంటే ఒక వ్యవస్థ తన అలవాట్లు, పద్ధతుల కారణంగానే కొన్ని వర్గాలకు అందవలసిన సేవను అందించలేకపోవడం. ఒకసారి నిర్దోషిగా తేలిన వ్యక్తిని అదే నేరానికి మళ్లీ విచారించరాదన్న పాత నియమాన్ని సడలించిన తరువాతే, 2012 జనవరిలో ఇద్దరికి శిక్ష పడింది.

తెలుగువారికి ఇది పరాయి కథ కాదు. 2017 ఫిబ్రవరి 22న అమెరికాలోని కాన్సాస్ రాష్ట్రం ఒలేథాలో గార్మిన్ సంస్థ ఇంజనీర్లు కూచిభొట్ల శ్రీనివాస్, మాదసాని అలోక్‌లపై ‘మా దేశం నుంచి పొండి’ అంటూ నావికాదళ మాజీ ఉద్యోగి ఒకడు కాల్పులు జరపగా, ముప్ఫై రెండేళ్ల శ్రీనివాస్ మరణించారు. అలోక్‌తోపాటు, హంతకుణ్ణి ఆపబోయిన ఇయాన్ గ్రిల్లట్ అనే స్థానిక యువకుడూ గాయపడ్డాడు. హంతకుడు నేరం ఒప్పుకోవడంతో 2018 మేలో రాష్ట్ర కోర్టు, ఆగస్టులో ఫెడరల్ కోర్టు యావజ్జీవ శిక్షలు విధించాయి. ఫెడరల్ కోర్టు దీనిని ద్వేష నేరంగా, అనగా బాధితుడి జాతి, రంగు, మతం, స్వదేశం వంటి కారణాలతో చేసిన నేరంగా పరిగణించింది. మన దేశంలో దీనికి దగ్గరి పోలిక 1989 నాటి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం. కులం, తెగ, జాతి ఒకటి కాకపోయినా, పుట్టుకను బట్టి చేసిన దాడిని మామూలు కొట్లాటగా చూడరాదన్న సూత్రం రెండింటిలోనూ ఉంది. ఠాణాలో ఆ చట్టం సెక్షన్లు చేర్చకుండానే కేసు రాస్తే ఆ సూత్రం కోర్టు గడప తొక్కదు.

శిక్ష త్వరగా పడింది గనుక ఒలేథా కథ ముగిసిందనుకోవడం పొరపాటు. శ్రీనివాస్ భార్య దుమాల సునయన అమెరికాలో ఉండే హక్కు భర్త వీసాపైనే ఆధారపడినందున, ఆయన మరణంతో అదీ పోయింది. హైదరాబాద్‌లో అంత్యక్రియలు ముగిశాక ఆమె తిరిగి వెళ్లగలిగింది అప్పటి ప్రతినిధుల సభ సభ్యుడు కెవిన్ యోడర్ తోడ్పాటుతో దక్కిన తాత్కాలిక అనుమతి వల్లనే. హత్యకు గురైనవాడి భార్యను ఇలా మరొకరి దయకు వదిలేసిన వలస చట్టం అన్యాయమైనది. ఆమె మాత్రం అక్కడే నిలబడి, ‘ఫరెవర్ వెల్‌కమ్’ అనే వేదికను స్థాపించి, వలసవచ్చినవారిపై ద్వేషాన్ని తగ్గించే పనికి పూనుకున్నారు.

తెలుగు టెలివిజన్ ఈ కథను తలకెత్తుకోవాలి. తీసేవారు కాల్పుల దృశ్యం దగ్గర ఆగిపోకుండా, వీసా కాగితాల కోసం సునయన పడిన పాట్లను ‘స్టీఫెన్’ చూపినంత ఓపికగా చూపాలి. అప్పు చేసి పిల్లలను అమెరికాకు పంపుతున్న ప్రతి తెలుగు కుటుంబానికీ ఆ భాగం తెలియాలి.