కంతుకు తేదీ ఉంది, కూలికి తేదీ లేదు

అనంతపురం మెట్టలో ఆలుమగలు దేనికి పోట్లాడుకుంటారు? తాగుడుకని కొందరంటారు. దుబారాకని కొందరంటారు. పొదుపు చేసుకోండని ఉపదేశాలిచ్చే పెద్దమనుషులకూ కొదవ లేదు. కాని కూలోళ్ల ఇంట్లో పొయ్యి దగ్గర వినబడే మాట ఒకటే: "దుడ్లు ఎప్పుడు పడతాయి?" ఈ మాటకు మొగుని దగ్గరా జవాబు లేదు, పెండ్లాం దగ్గరా లేదు. జవాబు చెప్పవలసినవాళ్లు వేరే ఉన్నారు.

లెక్క చూద్దాం. ఉపాధి పనిని మన పల్లెల్లో కరువు పని అంటారు. 2025-26లో ఆంధ్రప్రదేశ్‌లో దానికి నిర్ణయించిన రోజు కూలి రూ.307. వంద రోజుల హక్కు మనిషికి కాదు, కుటుంబానికి. ఇద్దరూ కలిసి పోతే 50 రోజులకే అయిపోతుంది. వందకు వంద రోజులూ దొరికి, పైసా కోత పడకున్నా వచ్చేది రూ.30,700. ఏడాది పొడుగునా పంచితే ఇంటికి రోజుకు రూ.84. అదీ పూర్తిగా చేతికి రాదు. తవ్విన మట్టిని కొలిచి కూలి కడతారు. ఎండకు గట్టిబడ్డ గరుసు నేలలో గడ్డపార ఎంత వేసినా గుంత లోతుకు పోదు. కొలత తగ్గితే కూలి తగ్గుతుంది.

ఇక బియ్యం. ఆహార భద్రతా చట్టం లెక్క ప్రకారం తలకు నెలకు 5 కిలోలు, నలుగురికి 20 కిలోలు. కాయకష్టం చేసే ఇంట్లో రోజుకు కిలోన్నర గింజలన్నా కావాలి. అంటే రేషను 13 రోజులకు సరి. మిగతా రోజుల గింజలు, నూనె, పప్పు, చింతపండు, మందుబిళ్లలు అన్నీ అంగట్లో కొనవలసిందే. చాలని రోజున సంగటి, ఊరిబిండితో సరిపెట్టుకుంటారు. మొగునికి, బిడ్డలకు పెట్టి కడకు గిన్నె అడుగున మిగిలింది తినేది ఆడమనిషి. ఇంటి బడ్జెట్లో లోటును ఆమె తన కడుపు మాడ్చుకుని పూడుస్తుంది. ఇంతకంటే ఏం పొదుపు చేయమంటారు?

తక్కువ కూలి ఒక బాధ. తేదీ లేని కూలి అంతకంటే పెద్ద బాధ. డ్వాక్రా కంతుకు తేదీ ఉంది. తాకట్టు పెట్టిన కమ్మల వడ్డీకి తేదీ ఉంది. కూలికి మాత్రం లేదు. పని చేసిన 15 రోజుల్లో కూలి కట్టాలని 2005 నాటి ఉపాధి హామీ చట్టం చెప్పింది. కాని వారాల తరబడి బ్యాంకు చుట్టూ తిరిగిన అనుభవం ఏ ఊరి కూలీలకు లేదు? ఆ సందులోనే వడ్డీ వ్యాపారి దూరుతాడు. వారం వారం ఇళ్ల మీద పడి వసూళ్లు చేసిన సూక్ష్మరుణ కంపెనీల ఒత్తిడికి ప్రాణాలు పోతే, 2010 అక్టోబరులో రాష్ట్ర ప్రభుత్వం ఆర్డినెన్సు తేవలసి వచ్చింది. అప్పుకు తాళలేనివాళ్లు బిడ్డలను అవ్వ దగ్గర విడిచి బెంగుళూరు కట్టడం పనులకు పోతున్నారు. సంసారం రెండు ముక్కలవుతుంది.

పేదవాని కడుపుకు ఎంత చాలునో కడుపు నిండినవాడు నిర్ణయించడం తెల్లదొరల నాటి అలవాటు. 1877 కరువులో సహాయ పనుల కూలికి రోజుకు ఒక పౌను గింజలు, ఒక అణా చాలునని రిచర్డ్ టెంపుల్ తగ్గించాడు. పౌను అంటే 450 గ్రాములు! అప్పటికి మన ప్రాంతం బళ్లారి జిల్లాలోనే ఉంది. 1882లో అనంతపురం వేరు జిల్లా అయింది.

ఆ దయాధర్మాల స్థానంలో పనిని హక్కుగా చేసిన పథకం 2006 ఫిబ్రవరి 2న మన నార్పల మండలం బండ్లపల్లిలోనే మొదలైంది. 2025 డిసెంబరులో దాని స్థానంలో పార్లమెంటు కొత్త చట్టం చేసింది. 125 రోజులని గొప్పగా చెప్పారు. కాని ఖర్చులో 40 వంతు రాష్ట్రం నెత్తిన వేశారు. విత్తనం, కోతల కాలంలో 60 రోజులు ఈ పనులు ఆపాలన్నారు. రైతుకు కూలీలు దొరకాలని దీనికి సాకు.

నీళ్లు పారే డెల్టాలో ఆ మాటకు అర్థముందేమో. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన, అదీ నమ్మకం లేని ఈ మెట్టలో విత్తనం కాలమంటే ఏమిటి? మొగులు చూస్తూ కూర్చునే కాలం. వాన పడకపోతే వేరుశనగ విత్తేది లేదు, కలుపు తీసేది లేదు. చేనులో పని లేదు, కరువు పనీ లేదు. ఆ 60 రోజులు ఏం తినాలి?

కాబట్టి కూలన్నలూ, అక్కలూ, ఇంట్లో ఒకరి మీద ఒకరు అరుచుకుంటే లెక్క కుదరదు. గ్రామసభలో ఇద్దరూ కలిసి అడగాలి. వాన చూడకుండా మెట్ట మండలాల్లో పనులు ఆపగూడదు. గట్టినేల కొలతలు సవరించాలి. 15 రోజుల్లో కూలి పడాలి, ఆలస్యమైతే పరిహారం కట్టాలి. అడిగిన పనికి రశీదు తీసుకోండి, మస్టరులో పేరు చూసుకోండి. కంతుకు తేదీ పెట్టినవాళ్లు కూలికీ తేదీ పెట్టేదాకా విడవగూడదు.